కొసరు మనమే ఇచ్చే దుకాణం

“సార్ రాలేదా మేడమ్?”

కారు కొందామని నేను అడుగుపెట్టిన మొదటి షోరూమ్‌లో నన్ను పలకరించిన మాట ఇది. సార్ వచ్చారు. నా వెనకే గుమ్మం దగ్గర ఆగి, అద్దంలా మెరిసే ఆ నేల మీద చెప్పులతో నడవచ్చా లేదా అని ఆలోచిస్తున్నారు. మా ఆయనకు డ్రైవింగ్ రాదు. పెళ్ళయిన కొత్తలో నేర్చుకోమని పోరాను, తర్వాత పోరడం మానేశాను. ఇంట్లో బండి నడిపేది నేను, ఈఎంఐ కట్టబోయేది నేను. అయినా ఆ సేల్స్ అబ్బాయి అరగంట సేపు ఆయన వైపే తిరిగి టార్క్ గురించీ, గ్రౌండ్ క్లియరెన్స్ గురించీ చెప్పాడు. ఆయన పెళ్ళిచూపుల్లో కూర్చోబెట్టిన పిల్లలా తల వంచుకుని అన్నిటికీ ఊ కొట్టారు. టెస్ట్ డ్రైవ్‌కి తాళం కూడా ఆయన చేతికే వచ్చింది. ఆయన దాన్ని తీర్థం పుచ్చుకున్నట్టు పుచ్చుకుని, నా చేతిలో పెట్టి, వెళ్ళి వెనక సీట్లో కూర్చున్నారు. అప్పుడు చూడాలి ఆ అబ్బాయి ముఖం.

ఇది 2025 జూలై మొదటివారం సంగతి, బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డు మీది షోరూమ్. మేముండేది రామమూర్తినగర్‌లో. మహదేవపుర ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక చిన్న కంపెనీకి నేను అకౌంట్స్ చూస్తాను. తొమ్మిదేళ్ళ కిందట సెకండ్ హ్యాండ్‌లో కొన్న మా ఆల్టోకి కింద రేకు తుప్పు పట్టి, గట్టి వాన పడితే కాళ్ళ దగ్గర నీళ్ళు నిలిచేవి. ఒకరోజు టిన్ ఫ్యాక్టరీ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు మా అత్త పట్టుచీర అంచు తడిసింది. కొత్త కారు కొనాలన్న తీర్మానం అక్కడే, ఆ కారులోనే, ఆవిడే చేసేసింది.

కదిరి నుంచి అమ్మ ఫోన్. “ఆషాఢంలో ఎవరన్నా ఇంటికి ఇనుము తెస్తారామ్మా?” తేవట్లేదమ్మా, చూడ్డానికి పోతున్నాం అన్నాను. మా అమ్మ సంగతి ఆ షోరూమ్ వాళ్ళకు తెలిసినట్టే ఉంది. తలుపు మీద ‘ఆషాఢం స్పెషల్ ఆఫర్’ అని ఎర్ర కాగితం అంటించి ఉంది. పంచాంగం మన ఇళ్ళలోకన్నా వాళ్ళ దగ్గరే భద్రంగా ఉంటుంది. ఆషాఢం, మూఢం, నెలాఖరు, మార్చి, డిసెంబరు, వీటిలో ఏదో ఒకటి ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది కాబట్టి ఆఫర్ ఎప్పుడూ ‘ఈ శనివారం వరకే’ ఉంటుంది.

నాకు కావలసింది నాలుగు మీటర్ల లోపు, 1.2 లీటర్ల పెట్రోల్ బండి. కంపెనీ పేరు, షోరూమ్ పేరు చెప్పను, చెప్పినా లాభం లేదు. నేను తిరిగిన నాలుగు షోరూముల్లో పాట ఒకటే, పాడే గొంతు మాత్రం వేరు. నేను ఎంచుకున్న మోడల్ ఎక్స్ షోరూమ్ ధర, అంటే రోడ్డు టాక్స్, ఇన్సూరెన్స్ కలపని ధర, అప్పట్లో 9,20,000. ఔటర్ రింగ్ రోడ్డు అబ్బాయి దాన్ని విననే వినలేదు. దాని పైది చూడండి సార్ (ఇంకా సారే), సన్‌రూఫ్ ఉంది, పెద్ద స్క్రీన్ ఉంది, తేడా తొంభై అయిదు వేలే, ఈఎంఐలో చూస్తే నెలకు వెయ్యిన్నర, రెండు పిజ్జాల ఖర్చు అన్నాడు. మేం నెలకు రెండు పిజ్జాలు తినం అన్న సంగతి పక్కన పెడదాం. పైదాని ధర 10,15,000. అక్కడ ఒక గోతి ఉంది, అతను దాని మీద దుప్పటి కప్పి నడిపిస్తున్నాడు.

కర్ణాటకలో కారుకు రోడ్డు టాక్స్ జీవితకాలానికి ఒకేసారి గుంజుతారు. ఐదు నుంచి పది లక్షల బండికి 14 శాతం. పది దాటి ఇరవై వరకు 17 శాతం. ఆ పన్ను మీద మళ్ళీ 11 శాతం సెస్సు. అంటే 9,20,000 బండికి దాదాపు 1,43,000 టాక్స్ అయితే, 10,15,000 బండికి దాదాపు 1,91,500. తొంభై అయిదు వేల తేడా అని చెప్పినదానికి ఇంకో నలభై ఎనిమిదిన్నర వేలు తోక. పైగా ధర పది లక్షలు దాటింది కనుక ఒక శాతం టీసీఎస్, అంటే అమ్మేవాడు మన దగ్గర ముందే పట్టుకునే ఆదాయపు పన్ను. ఇది మన పాన్ మీద జమ అవుతుంది, రిటర్న్ వేసినప్పుడు సర్దుబాటు చేసుకోవచ్చు, కానీ ఆ రోజు జేబులోంచి పోయేది పోతుంది. నేను ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీసి, ఆ సన్‌రూఫ్ కిటికీ ఖరీదు లక్షా నలభై మూడు వేలు అని చూపించాను. బెంగళూరు ట్రాఫిక్‌లో ఆ కిటికీ తెరిస్తే వచ్చేది వెన్నెల కాదు, మెట్రో పనుల దుమ్ము. అబ్బాయి మొదటిసారి నా వైపు తిరిగి “మేడమ్ మీరు సీఏనా?” అన్నాడు. కాదు బాబూ, అకౌంటెంట్‌ని. “అయితే ఇంకా కష్టం” అన్నాడు నవ్వుతూ. ఆ ఒక్క మాటకు వాడంటే నాకు కొంచెం ఇష్టం కలిగింది గానీ, కొటేషన్ రాసిమ్మంటే విజిటింగ్ కార్డు వెనక ఒకే అంకె రాసిచ్చాడు. విడివిడిగా కావాలన్నాను. బుక్ చేశాక వస్తుంది మేడమ్ అన్నాడు. అన్నంలో ఏం కలిపారో తిన్నాక చెబుతాం అన్నట్టు. వచ్చేశాం.

పాత మద్రాసు రోడ్డు మీద ఇంకో షోరూమ్. ఆగస్టు రెండోవారం, వరలక్ష్మీ వ్రతం మర్నాడు. లోపల మామిడాకులు ఇంకా వాడిపోలేదు. “బన్ని మేడమ్, బన్ని” అని కన్నడంలో లోపలికి పిలిచిన అబ్బాయి, నేను మా ఆయనతో “ముందు ఏసీ కింద కూర్చోండి” అనగానే చటుక్కున తెలుగులోకి దూకాడు. “అక్కా, మీరు తెలుగా? యా ఊరక్కా?” కదిరి అన్నాను. “అయ్యో మాది హిందూపురమక్కా!” అని కుర్చీ లాగి, టీ కాకుండా కాఫీ తెప్పించి, మా అత్త మోకాళ్ళ నొప్పుల వరకు పది నిమిషాల్లో తెలుసుకున్నాడు.

ఒప్పుకుంటాను, నేను కరిగాను. ఈ ఊళ్ళో పదిహేనేళ్ళుగా ఉంటున్నా. ఆటోలో కన్నడం, ఆఫీసులో ఇంగ్లీషు, పక్కింటివాళ్ళతో తమిళం, హిందీ కలిసిన ఏదో భాష. ఎవరైనా మా వైపు యాసలో “యా ఊరక్కా” అంటే ప్రాణం లేచొస్తుంది. మేడమ్‌తో బేరమాడొచ్చు. అక్కతో తమ్ముడు బేరమాడడు కాబట్టి అక్క కూడా ఆడకూడదు. అదీ అసలు సంగతి. ‘మేడమ్’ నుంచి ‘అక్కా’లోకి మారిన క్షణం నుంచీ నేను అడగాలనుకున్న ప్రశ్నలు ఒక్కొక్కటీ గొంతులోనే ఆగిపోయాయి. హ్యాండ్లింగ్ చార్జీలు ఏమిటయ్యా అని అడగబోయి, ఆ పిల్లాడి నుదుటి మీది చెమట చూసి, ఇంకో గుక్క కాఫీ తాగాను. మా ఆయనే ఇంటికొచ్చాక అన్నారు, “వాడు ఇంకో అయిదు నిమిషాలుంటే నువ్వే వాడికి డబ్బులిచ్చి పంపేదానివి” అని.

ఆయన మాటతో మర్నాటికి తెలివి వచ్చింది. వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెట్టాను. ‘తమ్ముడూ, ప్రతి ఐటమ్‌కీ వేరే లైను వేసి, కంపెనీ లెటర్‌హెడ్ మీద కొటేషన్ పంపు. అది వచ్చాకే మళ్ళీ మాట్లాడుకుందాం.’ రెండు రోజులు ఏం రాలేదు. మూడో రోజు వచ్చింది. నోటి మాటగా అడిగితే తమ్ముడు, కాగితం మీద అడిగితే షోరూమ్. ఈ రెండు బేరాలనూ వేరు చేసుకోవడానికి నాకు మెసేజ్ పనికొచ్చింది. ఎదురుగా కూర్చుంటే నేను మాట్లాడలేను, నా సంగతి నాకు తెలుసు.

ఈలోగా ఆగస్టు 15 వచ్చింది. ఎర్రకోట మీంచి ప్రధాని దీపావళికి జీఎస్టీ తగ్గింపులు అన్నారు. ఆ సాయంత్రమే హిందూపురం అబ్బాయి ఫోన్. “అక్కా, అవన్నీ నమ్మొద్దు. తగ్గిస్తే కంపెనీవాళ్ళు బేస్ ధర పెంచేస్తారు. ఇప్పుడైతే పాతికవేలు క్యాష్ డిస్కౌంట్ ఉంది, వినాయక చవితి లోపల బిల్లు చేసేద్దాం.” చవితి పన్నెండు రోజుల్లో. ఆ గొంతులో కంగారు నిజమైనదే, అది నా కోసం కాదు, అంతే. యార్డుల్లో ఉన్న బండ్లన్నీ పాత పన్ను, సెస్సు కట్టి తెచ్చుకున్నవి. రేటు మారితే ఆ సెస్సు డబ్బు ఎలా వెనక్కి వస్తుందన్నది ఆ నెలంతా డీలర్ల గుండె దడ. రోజూ ఇన్‌పుట్ క్రెడిట్ లెక్కలు, అంటే కొన్నప్పుడు కట్టిన పన్నును అమ్మినప్పటి పన్నులో తగ్గించుకునే లెక్కలు, చూసేదాన్ని, నాకు అది తెలుసు. తమ్ముడికి తెలుసో లేదో. వాళ్ళ మేనేజర్‌కి కచ్చితంగా తెలుసు.

ఆగాను. సెప్టెంబరు 3న జీఎస్టీ కౌన్సిల్ తేల్చేసింది. చిన్న పెట్రోల్ కార్ల మీద అంతవరకు 28 శాతం, ఆపైన ఒక శాతం సెస్సు, మొత్తం 29. అది 18 అయింది, సెప్టెంబరు 22 నుంచి, నవరాత్రులు మొదలయ్యే రోజు నుంచి. 9,20,000 బండి 8,41,500 దగ్గరకు దిగింది. ధర దిగితే దాని మీద లెక్కగట్టే రోడ్డు టాక్స్ కూడా పన్నెండు వేల చిల్లర దిగింది. మొత్తం తొంభై వేల పైచిలుకు. నెల రోజులు ఆల్టోలో కాళ్ళు పైకి పెట్టుకుని తిరిగినందుకు కూలి అనుకున్నాను.

నాలుగో తారీకు పొద్దున్నే మళ్ళీ ఫోన్. ఇప్పుడు రాగం తిరగబడింది. “అక్కా చెప్పా కదా తగ్గుతుందని!” నువ్వు చెప్పలేదు తమ్ముడూ. “అదేలే అక్కా. ఇప్పుడే బిల్లు చేసేద్దాం, తగ్గే డబ్బు మేమే డిస్కౌంట్‌గా ఇచ్చేస్తాం, 22 తర్వాత అయితే దసరా రష్‌లో బండి దొరకదు.” ఇక్కడ ఒక తిరకాసు ఉంది. పన్ను రేటు ఇన్‌వాయిస్ తేదీని బట్టి ఉంటుంది. పాత తేదీతో బిల్లు చేస్తే బిల్లులో ధర పాతదే పడుతుంది, రోడ్డు టాక్స్ ఆ పాత ధర మీదే కట్టాలి. వాళ్ళు ఇస్తామన్న డిస్కౌంట్‌లో ఆ పన్నెండు వేలు లేవు. బుకింగ్‌కు పదకొండు వేలు ఇస్తాను, ఇన్‌వాయిస్ 22 తర్వాతే, బండి నచ్చకపోతే మొత్తం వాపసు అని రసీదు మీద రాయించుకున్నాను. రాసేటప్పుడు ఆ అబ్బాయి చేతిరాత చూశాను. గుండ్రంగా, మా బడిలో పిల్లలు రాసినట్టుంది.

అసలు యుద్ధం సెప్టెంబరు 20, శనివారం. కొటేషన్ ఇదీ. ఎక్స్ షోరూమ్ 8,41,500. రోడ్డు టాక్స్ 1,30,800. ఇన్సూరెన్స్ 48,900. ఫాస్టాగ్ 600. ఎసెన్షియల్ కిట్ 16,800. ఎక్స్‌టెండెడ్ వారంటీ 13,500. హ్యాండ్లింగ్ 9,000. ఆర్టీఓ, ఇతరాలు 6,000. కూడితే 10,67,100.

మా కదిరి సంతలో కూరగాయలమ్మి తూకం వేశాక, అడగకపోయినా రెండు పచ్చిమిరపకాయలో కరివేపాకు రెబ్బో సంచిలో పడేస్తుంది. కొసరు. ఈ షోరూమ్ అనే దుకాణంలో కొసరు మనం వేయాలి. కారు ధర మీద వాళ్ళు వెయ్యి తగ్గించడానికి చచ్చిపోతారు, ఎందుకంటే ఆ ధర అందరికీ తెలిసినదే, ఫోన్‌లో కనిపిస్తుంది. అందుకే పిండుకునేదంతా కింది లైన్లలో.

కింద నుంచి మొదలుపెట్టాను. ఆర్టీఓ ఇతరాలు అంటే ఏమేమిటి? రిజిస్ట్రేషన్ ఫీజు కారుకు 600. లోను ఉంటే హైపోథికేషన్ ఎంట్రీ, అంటే ఆర్సీలో బ్యాంకు పేరు ఎక్కించడం, 1,500. స్మార్ట్ కార్డు 200. 2,300 అయింది. మిగతాది? “అక్కా, ఆఫీసులో చూసుకోవాలి కదా...” చూసుకోవడానికి నేను డబ్బులివ్వను, ఆర్టీఓ రసీదు ఎంతకు వస్తే అంత ఇస్తాను అన్నాను. హ్యాండ్లింగ్? బండిని యార్డు నుంచి షోరూమ్‌కి తేవడం, కడగడం అట. ఇడ్లీ ప్లేటును వంటింట్లోంచి బల్ల దాకా తెచ్చినందుకు హోటల్‌వాడు వేరే బిల్లు వేస్తాడా? ఇది ప్రభుత్వానికి పోయే డబ్బు కాదు, కంపెనీ చెప్పిన ధరలోనూ లేదు. ఈ లైను కొట్టేస్తే తప్ప మిగతావి మాట్లాడను అన్నాను.

అబ్బాయి “ఒక్క నిమిషం అక్కా” అని అద్దాల గదిలోకి వెళ్ళాడు. ఆ అద్దాల గది యాత్రలు ఆ మధ్యాహ్నం ఎన్నిసార్లు జరిగాయో మా ఆయన వేళ్ళ మీద లెక్కపెట్టారు, ఏడు. ప్రతిసారీ పది నిమిషాలు. లోపల మేనేజర్ కంప్యూటర్ చూస్తుంటాడు, వీడు ఎదురుగా నిలబడి ఫోన్ చూసుకుంటుంటాడు, ఇద్దరూ మాట్లాడుకోవడం నాకైతే కనిపించలేదు. బయటికొచ్చేటప్పుడు మాత్రం ముఖం వేలాడేసుకుని “మేనేజర్ తిట్టాడక్కా” అంటాడు. భోజనం వేళ దాటి, కస్టమర్‌కి ఆకలేసి, సరే కానివ్వు అనే దాకా ఈ ప్రదక్షిణలు సాగుతాయి. నాకిది ముందే ఆఫీసులో ఒకావిడ చెప్పింది. అందుకే పులిహోర డబ్బాలో పెట్టుకుని వెళ్ళాను. ఒంటిగంటన్నరకు ఆ తెల్లటి సోఫాలో కూర్చుని డబ్బా తెరిచాం. పులిహోర వాసన షోరూమ్ అంతా వ్యాపించింది. హ్యాండ్లింగ్ చార్జీ పోవడానికి నా వాదన కన్నా ఆ ఇంగువే ఎక్కువ పనిచేసిందని మా ఆయన ఇప్పటికీ అంటారు. అబ్బాయికి కూడా పెట్టాం. తిన్నాడు.

ఇన్సూరెన్స్ దగ్గర మాత్రం పులిహోర పనిచేయలేదు. కొత్త కారుకు మూడేళ్ళ థర్డ్ పార్టీ, అంటే మన బండి వల్ల ఎదుటివాళ్ళకు జరిగే నష్టానికి బీమా, తప్పనిసరి, 2018 సెప్టెంబరు నుంచి. నా బండి ఇంజన్‌కి అప్పట్లో దాని రేటు 10,640, ఎక్కడ కొన్నా అంతే, పైన జీఎస్టీ. తేడా అంతా సొంత డ్యామేజీ ప్రీమియం, యాడ్ ఆన్‌లలో, అంటే పైన కలిపే అదనపు రక్షణల్లో, ఉంటుంది. నేను ముందు రాత్రే అదే ఐడీవీకి, అంటే బండికి కట్టిన అదే విలువకి, అవే యాడ్ ఆన్‌లతో, జీరో డెప్, ఇంజన్ ప్రొటెక్ట్, రిటర్న్ టు ఇన్‌వాయిస్ అన్నీ కలిపి బయట రేటు తీయించాను. 34,700. ఇక్కడ 48,900. ఫోన్ చూపించాను. ఈసారి మేనేజరే వచ్చాడు. సూటు వేసుకున్నాడు, గొంతు మెత్తన. “మేడమ్, బయట తీసుకుంటే మా వర్క్‌షాప్‌లో క్యాష్‌లెస్ ఉండదు. వారంటీకి కూడా ఇబ్బంది.” వారంటీ కంపెనీది, ఇన్సూరెన్స్ ఇంకొకరిది, ఒకటి ఎక్కడ కొన్నానని ఇంకొకటి ఎందుకు పోతుంది? క్యాష్‌లెస్ అన్నది, రిపేరు బిల్లు మనం కాకుండా ఇన్సూరెన్స్ కంపెనీయే కట్టేలా, ఆ కంపెనీకీ వర్క్‌షాప్‌కీ మధ్య ఒప్పందం. వాళ్ళ నెట్‌వర్క్ జాబితాలో ఇదే వర్క్‌షాప్ పేరు ఉంది, అదీ చూపించాను. ఆయన కాసేపు చూసి, “అదే రేటుకు మేం ఇస్తాం” అన్నాడు. అప్పటిదాకా ఆ పద్నాలుగు వేలు ఎక్కడున్నాయో! అడగలేదు. నిజానికి ఆ మాటకు నాకు కోపమే వచ్చింది. కావాలని బయటే కొన్నాను.

కిట్ అంటే మ్యాట్లు, మడ్ ఫ్లాప్స్, సీట్ కవర్లు, డోర్ల దగ్గర మెరిసే పట్టీలు, ఒక సువాసన డబ్బా, ‘టిష్యూ బాక్స్ హోల్డర్’. ఇవన్నీ కలిపే తీసుకోవాలట, లేకపోతే డెలివరీ తేదీ చెప్పలేరట. చీర కొంటే ఫాల్ మా దగ్గరే కుట్టించుకోవాలి, జాకెట్టు మా దగ్గరే, లేకపోతే చీర ప్యాక్ చేయం అని చిక్‌పేటలో ఎవరైనా అంటారా? మ్యాట్లు, మడ్ ఫ్లాప్స్ మాత్రం తీసుకున్నాను, 5,200కి. ఎక్స్‌టెండెడ్ వారంటీ ఉంచాను, అది పనికొచ్చేదే, నేను బండిని పదేళ్ళు వాడే రకం. చివరకు, బయట కొన్న ఇన్సూరెన్స్ కూడా కలిపి, 10,28,600కి దిగి, పది వేలు డిస్కౌంట్‌తో 10,18,600 దగ్గర ఆగింది. ఆగస్టులో ఇస్తామన్న పాతికవేల క్యాష్ డిస్కౌంట్ ఇప్పుడు పది వేలయింది. జీఎస్టీ తగ్గాక జనం ఎగబడుతుంటే వాళ్ళెందుకిస్తారు? అది న్యాయమే.

లోను గురించి ఒక్క ముక్క. ఆరు లక్షలకు ఫైనాన్స్ అబ్బాయి ఏడేళ్ళు రాశాడు, అడగకుండానే. ఈఎంఐ 9,653, చూడ్డానికి ముద్దుగా ఉంది. అయిదేళ్ళకయితే అదే తొమ్మిది శాతానికి 12,455. ఏడేళ్ళకు వడ్డీ అరవై మూడు వేలు ఎక్కువ. అయిదే రాయించాను.

పాత ఆల్టోని ఎక్స్ఛేంజ్‌లో 85,000కి అడిగారు, పైన ‘ఎక్స్ఛేంజ్ బోనస్’ ఇరవై వేలు. మా రామమూర్తినగర్ మెకానిక్కే 1,15,000 ఇచ్చాడు, తుప్పు సంగతి మా కన్నా వాడికే బాగా తెలిసినా సరే. పేరు మార్పుకు ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టి, ఆర్సీలో పేరు మారిందాకా వాడి వెంట పడ్డాను. ఈ పని మాత్రం బద్ధకించకండి. బండి ఎవరి చేతిలో ఉన్నా, ఆర్సీలో పేరు మనదైతే చలానూ, యాక్సిడెంట్ కేసూ మన గుమ్మానికే వస్తాయి.

డబ్బు మొత్తం కట్టకముందే బండి చూస్తానన్నాను. ఇది వాళ్ళకు అస్సలు నచ్చలేదు. “పూజ చేసి, రిబ్బన్ కట్టి, గుడ్డ కప్పి పెడతామక్కా, అప్పుడు చూస్తే బాగుంటుంది.” గుడ్డ తీశాక చూస్తే నాకు కనిపించేది కారు కాదు, మా అత్త కళ్ళల్లో నీళ్ళు. అందుకే ముందే చూడాలి. సెప్టెంబరు 27న హోస్కోటె దాటాక ఉన్న వాళ్ళ స్టాక్‌యార్డుకు పోయాం. వరసల్లో వందల బండ్లు, ఎండలో, మట్టి కొట్టుకుని, పెళ్ళి కాకముందే ముసలైపోయినట్టు. నాకు కేటాయించినదాని ఛాసిస్ నంబరు పట్టుకుని వెతికించాను. తయారీ నెల మార్చి అని తేలింది. ముందు బంపర్ మీద ఒక మూల రంగు మిగతాదానికన్నా కొంచెం ఎక్కువ తెల్లగా ఉంది. వేలితో రాస్తే గరుకు. టైరు పక్కన నాలుగంకెలుంటాయి, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ ఏడాది. మూడు టైర్లకు 0825, ఒకదానికి 2725. అంటే మార్చిలో తయారైన బండికి జూలైలో పుట్టిన టైరు. ఎక్కడో ఏదో జరిగింది. యార్డు కుర్రాడు నేల చూశాడు. హిందూపురం అబ్బాయి ఆకాశం చూశాడు.

వేరే బండి కావాలన్నాను. దసరాకు రాదన్నారు. రాకపోతే రాకపోనీ అన్నాను. ఆ మాట అనగలగడానికి నాకు మూడు నెలలు పట్టింది. రెండు రోజుల్లో ఆగస్టు బండి దొరికింది. అన్ని టైర్లూ కవల పిల్లల్లా ఒకే వారానివి, మీటరు మీద 31 కిలోమీటర్లు. ఆ ఛాసిస్ నంబరే ఇన్‌వాయిస్‌లో, ఇన్సూరెన్స్‌లో ఉందో లేదో చూసుకున్నాకే మిగతా డబ్బు పంపాను.

ఆయుధపూజ నాడు, అక్టోబరు 1న, డెలివరీ తీసుకున్నాం. షోరూమ్ ముందు బండ్లు, గుమ్మడికాయలు, నిమ్మకాయలు, ఫోటోగ్రాఫర్లు, పిల్లల ఏడుపులు. మాకు పావుగంట ఇచ్చారు. థర్మాకోల్‌తో చేసిన పెద్ద తాళం చెవి ఒకటి ఫోటో కోసం మా ఆయన చేతికి ఇవ్వబోయి, అబ్బాయి ఆగి, నాకిచ్చాడు. నేర్చుకున్నాడు.

గుమ్మడికాయ ముక్కలు తుడుస్తుంటే పక్కకొచ్చి నిలబడ్డాడు. అప్పుడు చెప్పాడు, జీతం ఇరవై రెండు వేలు అని, కేఆర్ పురంలో ముగ్గురు కలిసి ఒక రూములో ఉంటామని. ఇన్సెంటివ్ కారు అమ్మినందుకన్నా ఇన్సూరెన్స్, కిట్, లోను మీదే ఎక్కువ వస్తుందట. “మీ బండి మీద నాకేం మిగల్లేదక్కా” అన్నాడు. ఫిర్యాదులా అనలేదు, వానొచ్చేలా ఉంది అన్నట్టు అన్నాడు. నేను ఏమనాలో తెలియక డాష్‌బోర్డు తుడిచాను. ఆ పద్నాలుగు వేలలో వాడికెంత వచ్చేదో, అద్దాల గదికెంత పోయేదో నాకు తెలీదు. నిజంగా హిందూపురమేనా అని అడుగుదామనుకున్నా. అడగలేదు. “కంపెనీ నుంచి ఫోన్ వస్తుందక్కా, పదికి పది ఇవ్వండి, తొమ్మిది ఇచ్చినా నాకు సున్నా కిందే లెక్క.”

మర్నాడు కదిరి బయల్దేరాం, నరసింహస్వామి గుడి ముందు ఇంకోసారి పూజకు. బాగేపల్లి టోల్‌గేట్ దగ్గర ఫాస్టాగ్ పనిచేయలేదు, 600 తీసుకుని బ్యాలెన్స్ వేయడం మరిచిపోయారు. వెనక హారన్లు మోగుతుంటే రీచార్జ్ చేసుకున్నాను. ఊళ్ళో అమ్మ కదిరి మల్లెల దండ బంపర్‌కి కట్టి, టైర్ల చుట్టూ తిరిగి, “ఎంతయింది?” అంది. చెప్పాను. “ఏమన్నా తగ్గించినారా?” తగ్గించినారమ్మా. “అయితే ఇంకా తగ్గించేటోళ్ళే” అంది.

నాలుగో రోజు మారతహళ్ళి బ్రిడ్జి కింద సిగ్నల్ దగ్గర ఉండగా కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. అమ్మాయి హిందీలో వరసగా అడుగుతోంది. షోరూమ్ శుభ్రంగా ఉందా, డెలివరీ టైముకి ఇచ్చారా, ఏదైనా యాక్సెసరీ కొనమని బలవంతం చేశారా. ఆ ప్రశ్న దగ్గర కాళ్ళ కింది మ్యాట్ చూశాను. మంచి మ్యాటే. సేల్స్ ఎగ్జిక్యూటివ్‌కి పదికి ఎంత ఇస్తారు అంది. పది అన్నాను.

సాయంత్రం మెసేజ్ వచ్చింది. ‘థ్యాంక్స్ అక్కా. సెరామిక్ కోటింగ్ దీపావళి ఆఫర్ ఉంది. ఈ శనివారం వరకే.’